రెండో సాక్షి లేని జలపాతం

జయశీల పుట్టింది యానాంలో. అక్కడ ఎత్తు అంటే గోదావరి గట్టే. గట్టెక్కి నిలబడితే ఒక పక్క ఏరు, ఇంకో పక్క పొలాలు, దూరంగా కోరంగి మడ అడవి నల్లటి చారలా కనిపించేది. కొండ అనేది ఆమె పదో తరగతి విహారయాత్రలో సింహాచలం వెళ్లేదాకా చూడలేదు. అలాంటి మనిషి బెర్లిన్‌లో పటాలు గీసే ఉద్యోగంలో చేరి, నలభై ఏడో ఏట, మూడు వేల మీటర్ల శిఖరాలున్న ఒక అగ్నిపర్వత దీవికి పటం తయారుచేసింది.

వాళ్ల నాన్న యానాం బడిలో ఫ్రెంచి చెప్పేవారు. ఇంట్లో కూడా మంచినీళ్లు కావాలంటే ఫ్రెంచిలో అడగమనేవారు. తమ్ముడు ఆషర్ దాహంతోనే ఉండిపోయేవాడు కానీ అడిగేవాడు కాదు. జయశీల అడిగేది. ఆ ఫ్రెంచి తనకు ఎప్పుడైనా పనికొస్తుందని ఆమె అనుకోలేదు. హైదరాబాదులో ఒక కంపెనీలో పదహారేళ్లు ఎవరెవరి దేశాల పటాలో కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మధ్యలో పెళ్లయింది. అది రెండేళ్లు నిలవలేదు. ఆ సంగతి ఆమె తనంతట తాను చెప్పదు. అడిగినవాళ్లు రెండోసారి అడగరు. 2013లో బెర్లిన్‌లో ఒక చిన్న పటాల సంస్థ నుంచి పిలుపొస్తే, అక్కడ ఉద్యోగం చేయనిచ్చే బ్లూకార్డు మీద వచ్చేసింది.

ఆ సంస్థలో పనిచేసేది ఏడుగురు. కాలినడకన కొండలూ అడవులూ తిరిగేవాళ్ల కోసం పటాలు వేస్తారు. యజమాని ఫ్రావ్, అంటే శ్రీమతి, రీడెల్‌ది అరవై దాటిన వయసు, తెల్లటి పొట్టి జుట్టు. ఆవిడ పెట్టిన నియమాల్లో మొదటిది, పటం మీదికి ఎక్కే ప్రతి పేరుకూ ఇద్దరు సాక్షులు ఉండాలన్నది. పాత పటం ఒకటి, స్థానికుడు ఒకడు కావచ్చు. ఇద్దరు స్థానికులు కావచ్చు. ఒక్కరి మాట మీద మాత్రం పేరు అచ్చవదు.

"తప్పు దారి గీస్తే నడిచేవాడు తిట్టుకుంటూ వెనక్కి వస్తాడు," అనేది ఆవిడ. "తప్పు పేరు వేస్తే అది వందేళ్లు ఉంటుంది. ఎవరూ వెనక్కి రారు."

పటం సిద్ధమయ్యాక ఒకరు ఆ చోటికి వెళ్లి, దారులన్నీ నడిచి సరిచూడాలి. ఆ పని ఎప్పుడూ కోల్బె అనే పెద్దాయన చేసేవాడు. జయశీల ఆరేళ్లలో పన్నెండు దీవులు గీసింది, ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు. 2019లో కోల్బె రిటైరయ్యాడు. తర్వాతి పటం రీయూనియన్‌ది. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ఫ్రెంచి దీవి. ఫ్రెంచి వచ్చింది జయశీల ఒక్కదానికే.

"ఈసారి నువ్వు వెళ్తావు," అంది ఫ్రావ్ రీడెల్.

2020 ఏప్రిల్ ఆరుకు విమానం. పాస్‌పోర్టులో వీసా పడింది. జయశీల కొండ బూట్లు కొని, అవి మెత్తబడాలని ఆదివారాలు చర్చి అయ్యాక టీర్‌గార్టెన్ పార్కులో గంటల తరబడి నడిచేది. చదునైన ఆ పార్కులో అంత బరువు బూట్లతో నడుస్తున్న చామనఛాయ మనిషిని చూసి కుక్కల్ని తిప్పేవాళ్లు నవ్వుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

మార్చి మూడో వారంలో కరోనాతో ఆఫీసు మూసేశారు. విమానం రద్దయింది. జయశీల తన పెద్ద తెరను పాత దుప్పట్లో చుట్టుకుని, ఖాళీ యు-బాన్ మెట్రోలో ఒళ్లో పెట్టుకుని వెడ్డింగ్ అనే పేటలోని తన గదికి తెచ్చుకుంది. నాలుగో అంతస్తు, ఒక గది, ఒక వంటగది. కిటికీలోంచి పెరడు, అందులో ఒక చెస్ట్‌నట్ చెట్టు, ఎదురుగా వేరే కిటికీలు కనిపిస్తాయి. సంస్థలో అందరికీ పనిగంటలు సగం చేశారు. ఆమె మాత్రం పూర్తి గంటలూ పనిచేసింది. చేయకపోతే ఆ గదిలో చేయడానికి ఇంకేమీ లేదు.

ఆ రోజుల్లో దీవే ఆమెకు ఊరయింది.

డెబ్బై కిలోమీటర్ల పొడవున్న ఆ దీవి మొత్తం సముద్రపు అడుగునుంచి లేచిన అగ్నిపర్వతం. నడిమధ్యన ఉన్న పెద్ద కొండను మంచు శిఖరం అంటారు. అది ఎన్నో వేల ఏళ్ల క్రితమే చల్లారిపోయింది. దాని చుట్టూ భూమి కుంగి, వానలకు కోసుకుపోయి మూడు పెద్ద గిన్నెల్లా లోయలు ఏర్పడ్డాయి. ఆగ్నేయాన ఉన్నది కొలిమి శిఖరం. అది ఇంకా బతికే ఉంది. ఇంచుమించు ఏటా పగిలి, ఎర్రటి లావాను కిందికి వదులుతుంది. ఎప్పుడైనా అది సముద్రం దాకా వెళ్తే దీవి కొంచెం పెరుగుతుంది. తూర్పు వైపు వానలు కుండపోత. అక్కడ మనిషికి రెండింతల ఎత్తున ఫెర్న్ చెట్లు, నాచు పట్టిన కొమ్మలు, కొండ గోడల మీదినుంచి తెల్లటి దారాల్లా జారే జలపాతాలు. పడమటి వైపు ఎండ, గడ్డి, పగడాల గట్టు వెనక నిలకడగా ఉండే నీలి నీళ్లు. ఇదంతా తూర్పుగోదావరి జిల్లాలో పావు వంతు కూడా ఉండదు.

ఉత్తర సముద్రంలోని జర్మన్ దీవులు గీసినప్పుడు ఆమెకు ఎత్తులు చూపే కాంటూరు గీతలు మూడు సరిపోయేవి. ఇక్కడ ఇరవై మీటర్లకొక గీత చొప్పున గీస్తే, లోయల అంచుల దగ్గర గీతలన్నీ అతుక్కుపోయి నల్లటి మరకైపోయేది. ఆ మరకను విడదీసి, గోడను గోడలా చూపించడానికి వారాలు పట్టింది.

ఏప్రిల్ రెండున కొలిమి శిఖరం పగిలింది. అక్కడి పరిశోధన కేంద్రం పెట్టిన కెమెరాను ఆమె ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టుకుంది. బూడిద రంగు వాలు మీద ఒక ఎర్రటి చీలిక. చూడడానికి ఎవరినీ కొండెక్కనివ్వడం లేదు, అక్కడా అందరూ ఇళ్లలోనే ఉన్నారు. అంత పెద్ద కొండ నిప్పు కక్కుతుంటే చుట్టూ మనిషి లేడు. జయశీల అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నాలుగు రోజులకు అది ఆగింది. ఆమె కొత్త లావా హద్దును పటంలో గీసి, తేదీ వేసింది.

వెళ్లి నడవడం కుదరదు కనుక ఫోన్‌లోనే సరిచూడాలని ఫ్రావ్ రీడెల్ నిర్ణయించింది. మూడు లోయల్లోనూ కష్టమైనది మఫాత్. దానిలోకి రోడ్డు లేదు. లోపల పల్లెలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, బడి ఉంది, కానీ వెళ్లాలంటే కాలినడకే. బరువులేమైనా ఉంటే హెలికాప్టర్. విమానం నుంచి తీసిన ఫొటోల్లో సగం దారులు మబ్బుల కిందో చెట్ల కిందో ఉన్నాయి. నడిచేవాళ్లకు భోజనం, పడక ఇచ్చే ఇళ్ల జాబితా తీసుకుని జయశీల ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరు ఎత్తలేదు. కొందరు "ఇప్పుడు ఎవరూ రావడం లేదు" అని పెట్టేశారు. ఏడో నంబరు లూసెట్‌ది.

"పటమా? ఎవరూ నడవని కాలంలో పటమెందుకమ్మా?" అంది అటువైపు గొంతు.

"మళ్లీ నడిచే రోజు వస్తుంది కదండీ."

"ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నావు?"

"బెర్లిన్ నుంచండీ."

"నీ ఫ్రెంచి బెర్లిన్‌ది కాదే. మా స్కూలు మాస్టారి ఫ్రెంచిలా ఉంది."

జయశీల చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. తన గొంతు గదిలో తనకే కొత్తగా వినిపించింది.

లూసెట్‌కు అరవై ఎనిమిదేళ్లు. భర్త పోయాడు. కొడుకులిద్దరూ కింద, సముద్రం ఒడ్డు పట్నాల్లో ఉంటారు. లోయలో మిగిలిన ఒక చదును ముక్క మీద ఏడు ఇళ్ల పల్లె వాళ్లది. అందులో నాలుగు ఇళ్లకు తాళాలే. మామూలు రోజుల్లో ఆమె ఇంట్లో ఇరవైమంది నడిచేవాళ్లు పడుకునేవారు. ఇప్పుడు ఇరవై దుప్పట్లూ మడతపెట్టి ఉన్నాయి. ఫోన్ సిగ్నలు ఆ పల్లెలో ఒక్కచోటే, ప్రార్థన గుడి వెనక రాయి మీద అందుతుంది. సాయంత్రం నాలుగింటికి ఆమె ఆ రాయి మీద కూచునేది. బెర్లిన్‌లో అప్పటికి రెండు.

మొదట పని మాటలే. ఈ వంతెన ఉందా? "పోయింది, రెండేళ్ల కిందటి తుఫానుకే." ఈ దారి ఊటకు కుడివైపా, ఎడమవైపా? లూసెట్‌కు తెలియకపోతే మర్నాడు వెళ్లి చూసి వచ్చేది. "నీకోసం గంటన్నర నడిచాను అమ్మాయ్. ఎడమవైపే. దారిలో జామపళ్లు రాలి ఉన్నాయి, తినేవాడు లేడు." చిన్న ఎర్ర జామలవి, చైనా జామలంటారట. జయశీల దారిని రెండు మిల్లీమీటర్లు ఎడమకు జరిపేది.

తర్వాత్తర్వాత పని లేకపోయినా మాట్లాడుకున్నారు. పొద్దున్నే పొడుగు తోక తెల్ల పిట్టలు కొండ గోడల్లోంచి ఎలా బయటికి వస్తాయో, పది గంటలకల్లా మబ్బు లోయలోకి పాలు పొంగినట్టు ఎలా దిగుతుందో లూసెట్ చెప్పేది. జయశీల యానాం గురించి చెప్పింది. నూట తొంభై ఏళ్ల క్రితం యానాం నుంచి కూలీలను ఓడలెక్కించి ఆ దీవి చెరకు తోటలకు తీసుకెళ్లారని నాన్న చెప్పేవారు. దీవిలోని ఇంటిపేర్ల జాబితా చూసినప్పుడల్లా ఆమె తెలుగు పేరేదైనా తగులుతుందా అని వెతికేది. తగల్లేదు. "వాళ్లంతా కింద, తోటల వైపు ఉంటారు. మా కొండల్లో లేరు," అంది లూసెట్.

నవంబరులో బెర్లిన్ మళ్లీ మూతపడింది. చర్చిలో పరిచయమైన సహానా అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. గుంటూరు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకోసారి భర్తనూ పాపనూ తీసుకుని వచ్చి, పెరట్లో చెస్ట్‌నట్ చెట్టు కింద దూరదూరంగా నిలబడి పది నిమిషాలు మాట్లాడి వెళ్లేది. డిసెంబరులో ఆ ఫోన్ వేరే కబురుతో వచ్చింది.

"అక్కా, మా ఆయనకి సౌత్‌లో, గార్చింగ్‌లో రీసెర్చ్ జాబ్ వచ్చింది. ఉండటానికి వోనుంగ్ కూడా దొరికేసింది, పాపని పగలు వదలడానికి కీటా కూడా. జనవరిలో మూవ్ అయిపోతన్నాం."

"మంచిదే కదమ్మా. దేవుడి దయ."

"నువ్వొక్కదానివే అయిపోతావక్కా అక్కడ."

"ఇప్పుడేమన్నా పదిమందితో ఉన్నానా ఏంటి?" అని జయశీల నవ్వింది. సహానా నవ్వలేదు.

ఆ క్రిస్మస్‌కు ఆమె తెలుగు ఆరాధన తెర మీద చూసింది. నలభై చిన్న చిన్న గళ్లలో మొహాలు. పాట మొదలెట్టగానే ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క క్షణం వెనకబడి గందరగోళమైంది. పాస్టరు అందరి మైకులూ ఆపమన్నారు. ఆ తర్వాత తన గదిలో తానొక్కతే పాడుకుంది.

దీవిలో అది వానాకాలం. జనవరిలో ఒకరోజు లూసెట్ తన పల్లెకు అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న జలపాతం గురించి చెప్పింది. ఏ పటంలోనూ లేనిది. మొగలి జాతి చెట్ల వెనక, నల్లటి రాయి మీదినుంచి పది పన్నెండు మీటర్లు పడుతుందట. కింద స్నానం చేసేంత మడుగు. జయశీల ఫొటోల్లో వెతికితే ఒక తెల్లటి చుక్క దొరికింది.

"దీనికి పేరుందాండీ?"

"ఎమెలీన్ జలపాతం," అంది లూసెట్.

"అందరూ అలాగే అంటారా?"

"ఎవరు మిగిలారు ఇక్కడ అనడానికి? మా మరిది గాస్తోన్‌ను అడుగు, కావాలంటే."

జయశీల గాస్తోన్ నంబరుకు వారం పాటు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ప్రెస్సుకు పంపే తేదీ దగ్గరపడింది. ప్రతి పేరు పక్కనా సాక్షుల పేర్లు రాసే పట్టిక ఒకటి ఉంటుంది. ఎమెలీన్ జలపాతం పక్కన మొదటి గడిలో లూసెట్ అని రాసింది. రెండో గడి ఖాళీ. పేరు తీసేస్తే సరిపోయేది. కానీ ఆ మధ్యాహ్నాలన్నిటికీ బదులుగా తాను లూసెట్‌కు ఇవ్వగలిగింది అదొక్కటే అనిపించింది. రెండో గడిలో గాస్తోన్, ఫోన్ ద్వారా, అని రాసింది. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది.

ఏప్రిల్ తొమ్మిదిన కొలిమి శిఖరం మళ్లీ పగిలింది. ఈసారి ఆగలేదు. లావా హద్దు రోజురోజుకూ మారుతుంటే ప్రెస్సు పని ఆపాల్సి వచ్చింది. అదే నెల చివర కాకినాడ నుంచి ఆషర్ భార్య ఫోన్ చేసింది. ఆషర్‌కు జ్వరం, ఆక్సిజన్ తొంభై దగ్గర ఆడుతోంది, ఆసుపత్రిలో మంచం దొరకడం లేదు. జయశీల అయిదు రోజులు పటం ముట్టుకోలేదు. ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆరో రోజు ఆషరే మాట్లాడాడు, ఒక్కొక్క మాటకూ ఆగుతూ.

"అక్కా... బానే ఉన్నాలే. నువ్వేం ఏడవకు."

"ఏడవట్లేదురా. అన్నం తిన్నావా?"

"జావ తాగేను. నువ్వు తిన్నావా? అక్కడ నీ పక్కనెవరన్నా ఉన్నారా అక్కా?"

"ఆ, ఉన్నార్లే," అంది జయశీల.

ఆ అయిదు రోజులూ లూసెట్ గుడిలో కొవ్వొత్తి వెలిగించింది. ఆషర్ పేరు పలకడం రాక "మీ తమ్ముడి కోసం" అని మాత్రం ప్రార్థించానని చెప్పింది.

మే చివర కొండ శాంతించింది. పటం జూన్‌లో అచ్చయింది. జయశీల రెండు ప్రతులు పోస్టులో పంపింది. మూడు వారాల తర్వాత లూసెట్ రాయి మీదికెక్కి తనే ఫోన్ చేసింది. "నీలం అక్షరాల్లో వేశావు," అంది.

వ్యాక్సిన్‌కు అపాయింట్‌మెంట్ దొరికి, రెండు డోసులూ అయ్యాక, జయశీల మళ్లీ వీసా తీసుకుంది. ఆఫీసు పంపలేదు, లూసెట్‌కు ముందుగా చెప్పకుండా తన సెలవు మీదే వెళ్లింది. నవంబరు రెండో వారంలో, పొద్దున్న ఏడింటికి, మయిదో అనే చోట కొండ అంచున నిలబడింది. కాళ్ల కింద వెయ్యి మీటర్ల లోతున మఫాత్ లోయ. పచ్చటి వీపులున్న గట్లు, వాటి మధ్య చీలికల్లా వాగులు, గట్ల మీద చిల్లర పోసినట్టు పల్లెల రేకు కప్పులు. తాను మూడు మిల్లీమీటర్లలో విడదీసి చూపించిన గోడ ఇదే. దారి ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు. అయినా మొదటి మలుపు దగ్గరే రాతిని పట్టుకుని కూచుండిపోయింది. దిగుతున్న కుర్రజంట ఒకటి ఆగి, నీళ్లు కావాలా అని అడిగింది. వాళ్ల చేతిలో తన పటం ఉంది. తానే గీశానని చెప్పలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు లూసెట్ ఇంటికి చేరింది. ఆమె అనుకున్న ఇల్లు కాదది. ముంగిట్లో పదిహేను జతల బూట్లు. లోపల జర్మన్లు, ఫ్రెంచివాళ్లు, బల్లల చుట్టూ గోల. పొయ్యి దగ్గర ఉన్న పొట్టి, బలమైన మనిషి తల తిప్పి చూసింది.

"పడకలు నిండిపోయాయమ్మా. ముందుగా చెప్పారా?"

"మదామ్ లూసెట్, నేను జయశీలనండీ. బెర్లిన్ నుంచి."

"అయ్యో, నువ్వా!" లూసెట్ చేతులు తుడుచుకుని వచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. "ఇంత చిన్నగా ఉంటావా! కూచో, కూచో. ఇరవైమందికి వండాలి, ఇప్పుడే వస్తా."

ఆ ఇప్పుడు సాయంత్రమైంది. ఈలోగా జయశీల బయట కూచుంది. పటం పట్టుకున్న ఇద్దరు జర్మన్ ఆడవాళ్లు వచ్చి, ఎమెలీన్ జలపాతానికి దారి ఎటని అడిగారు. లూసెట్ వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి, ఎంతో గర్వంగా దారి చెప్పింది. పక్కింటి అరుగు మీద కూచున్న ముసలాయన ఇది విని నవ్వాడు. అతనే గాస్తోన్.

"ఎమెలీన్ జలపాతమా? దానికి పేరెప్పుడూ లేదు," అన్నాడు జయశీలతో. "మేము 'ఆ నీళ్లు' అంటాం. ఎమెలీన్ మా వదిన చెల్లెలు."

జయశీల లేచి వంటింట్లోకి వెళ్లింది. లూసెట్ బల్ల మీద బుట్టెడు సీమవంకాయలు పోసుకుని చెక్కు తీస్తోంది. జయశీల ఇంకో కత్తి తీసుకుని ఎదురుగా కూచుని తరగడం మొదలుపెట్టింది.

"గాస్తోన్ చెప్పాడు కదూ," అంది లూసెట్ తల ఎత్తకుండా.

"ఎందుకు చెప్పలేదండీ నాతో?"

"చెబితే వేసేదానివా?"

జయశీల బుట్టలోంచి ఇంకో సీమవంకాయ అందుకుంది.

"దానికి పంతొమ్మిదేళ్లు. డెబ్బై అయిదులో. ఫ్రాన్సులో పనులున్నాయని ప్రభుత్వమే టికెట్లిచ్చి పిల్లల్ని పంపేది. ఆసుపత్రిలో నర్సు చేస్తామన్నారు. వెళ్లాక ఎవరింట్లోనో అంట్లు తోమించారట. రెండేళ్లు ఉత్తరాలు రాసింది. లిమోజ్ నుంచి ఒకటి, పారిస్ నుంచి ఒకటి. తర్వాత లేవు. చిన్నప్పుడు మేమిద్దరం ఆ నీళ్ల కిందే తలలు రుద్దుకునేవాళ్లం." ఆమె చేతులు ఆగలేదు. "మీ పటం యూరప్ దుకాణాల్లో అమ్ముతారన్నావు. బతికి ఉంటే ఎక్కడో ఒక కిటికీలో చూస్తుందేమో అనుకున్నా. ఎవరో తనను అనుకుంటున్నారని తెలుస్తుంది."

హాల్లోంచి ఎవరో రొట్టె అడిగారు. లూసెట్ లేచి వెళ్లింది. ఆ రెండు రోజుల్లో వాళ్లిద్దరికీ తీరిగ్గా మాట్లాడుకునే వేళ మళ్లీ దొరకలేదు. వంట, పక్కలు, బట్టలు, కొత్త మనుషులు. ఫోన్‌లో గంటన్నర మాట్లాడిన మనిషి ఎదురుగా అయిదు నిమిషాలు కూచోలేకపోయింది. జయశీలకు ఆమె మీద కోపం రాలేదు. ఆ రాయి మీద కూచునే లూసెట్ నడిచేవాళ్లు లేని కాలపు మనిషని అర్థమైంది.

రెండో రోజు ఒక్కతే ఆ నీళ్ల దగ్గరికి వెళ్లింది. నల్లరాయి, పచ్చటి నాచు, సన్నటి ధార. మడుగులో చెయ్యి పెడితే చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. తన పటం ప్రకారం అది దారికి నలభై మీటర్లు ఎగువన ఉండాలి. నిజంగా పాతిక మీటర్లే. పుస్తకంలో రాసుకుంది.

బెర్లిన్‌కు తిరిగి రాగానే ఫ్రావ్ రీడెల్‌కు అంతా చెప్పేసింది, పట్టికలో తాను రాసిన అబద్ధంతో సహా. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కడివాళ్లు ఇప్పుడు ఏమంటున్నారు దాన్ని?"

"నడిచేవాళ్లంతా ఎమెలీన్ జలపాతమనే అంటున్నారు."

"మన పటం చూసి."

"అవును."

"మన పటానికి మన పటమే సాక్ష్యం కాకూడదు, ఫ్రావ్ జయశీల." ఆవిడ గొంతులో కోపం లేదు. "రెండో ముద్రణ మార్చిలో. అప్పటిలోగా ఇంకో సాక్ష్యం దొరికితే ఉంచుదాం."

ఇంకో సాక్ష్యం ఎక్కడ ఉంటుంది? జయశీల ఆ చలికాలమంతా ఫ్రెంచి టెలిఫోన్ జాబితాల్లో ఎమెలీన్ పుట్టింటి పేరుతో ఉన్నవాళ్లను వెతికింది. లిమోజ్‌లో ఒకరు, పారిస్ చుట్టుపక్కల నలుగురు. అయిదుగురికీ చేత్తో ఉత్తరాలు రాసి, పటంలోని ఆ ముక్కను కత్తిరించి జత చేసింది. మీరు గానీ, మీకు తెలిసినవారు గానీ ఈ లోయ మనుషులైతే, ఎమెలీన్ కోసం అక్క ఎదురుచూస్తోందని రాసింది. ఒకటి విలాసదారు లేరని తిరిగొచ్చింది. ఒకాయన మర్యాదగా, మాది వేరే దీవి అని రాశాడు. మిగతా మూడింటికీ జవాబు లేదు.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆమె ఫైలు తెరిచి, ఆ నీలం అక్షరాలను ఎంచుకుని తీసేసింది. జలపాతం గుర్తును మాత్రం పదిహేను మీటర్లు దిగువకు జరిపి ఉంచింది. ఆ పని అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత లేచి టీ పెట్టుకుంది, తాగకుండానే చల్లారిపోయింది.

లూసెట్‌కు చెప్పకుండా ఉండలేకపోయింది. మూడు రోజులు ప్రయత్నిస్తే ఫోన్ కలిసింది.

"పేరు తీసేశానండీ. క్షమించండి."

"ముందు అచ్చయినవి? అవి కూడా వెనక్కి తీసుకుంటారా?"

"లేదండీ. అమ్ముడైనవి అమ్ముడైపోయాయి. రెండు వేల పైనే ఉంటాయి."

"అయితే సరే. ఎక్కడో ఒకచోట ఉంటాయి." అటువైపు ఎవరో పిలుస్తున్నారు. "పది మంది వచ్చారు అమ్మాయ్, వెళ్లాలి."

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. నెలకొకటి, తర్వాత పండక్కి ఒకటి. జయశీలకు అట్లాంటిక్‌లోని ఇంకో దీవి పని ఇచ్చారు. వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు గది. సహానా గార్చింగ్ నుంచి పాప పాడే జర్మన్ పాటల వీడియోలు పంపుతుంది. ఆషర్ ఆదివారాలు ఫోన్ చేసి, ఇంటికి ఎప్పుడొస్తావని అడుగుతాడు.

మరుసటి ఏడాది ఈస్టర్ రోజున లూసెట్ ఫోన్ చేసింది.

"ఇవాళ ఎవరితో కలిసి తిన్నావు?"

"నేనొక్కదాన్నేనండీ."

"నేను ఇరవై రెండు మందితో. ఒక్కరి పేరూ తెలీదు," అంది లూసెట్. "ఈసారి వానాకాలంలో రా. అప్పుడు నడిచేవాళ్లు ఉండరు. కూచుని మాట్లాడుకోవచ్చు."

"వస్తానండీ," అంది జయశీల. వానాకాలానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఫోన్ పెట్టేసి, అట్లాంటిక్ దీవి ఉత్తరపు ఒడ్డున ఆగిపోయిన కాంటూరు గీతను మళ్లీ గీయడం మొదలుపెట్టింది.